బూతు కాదు, బిల్లు చూడండి

అమెరికా, ఇంగ్లండు టీవీల్లో ఒక రకం కామెడీ సీరియల్ ఉంది. ఇల్లు ఇరుకు, సోఫా పాతది. మొగుడికి జీతం చాలదు, పెళ్లాం నోరు ఊరుకోదు, పిల్లలకు పెద్దంతరం చిన్నంతరం లేదు. ఒకరినొకరు దెప్పుకోవడమే వాళ్ల పలకరింపు. 'మ్యారీడ్ విత్ చిల్డ్రన్', 'రోజాన్', 'ద రాయిల్ ఫ్యామిలీ', 'షేమ్‌లెస్' అలాంటివే. వీటిని జనం ఏళ్ల తరబడి విడవకుండా చూశారు. ఎందుకు చూశారని అడిగితే పెద్దమనుషులు రెండు జవాబులు చెబుతారు. జనానికి బూతు ఇష్టం గనుక చూశారని సంప్రదాయవాదులు అంటారు. తమకంటే దిగజారినవాళ్లను చూసి నవ్వుకోవడంలో సుఖముంది గనుక చూశారని అభ్యుదయవాదులు అంటారు. మొదటివాళ్లు కుటుంబ విలువల పేరు చెబుతారు, రెండోవాళ్లు శ్రామికుల ఆత్మగౌరవం పేరు చెబుతారు. ఇంకే విషయంలోనూ పొసగని ఈ ఇద్దరూ ఒక్క తీర్పు దగ్గర మాత్రం చేతులు కలుపుతారు. చూసేవాడికి బుద్ధి లేదు అన్నదే ఆ తీర్పు.

ఈ తీర్పు తప్పు. తప్పు మాత్రమే కాదు, అన్యాయం కూడా. ఈ సీరియళ్ల బలం వాటి మోటుమాటల్లో లేదు. మోటుమాటలే కావాలంటే అవి ఎక్కడైనా దొరుకుతాయి. డబ్బు చాలని ఇంట్లో మనుషులు ఎలా మాట్లాడుకుంటారు, కోపాలు ఎక్కడినుంచి పుట్టుకొస్తాయి, ఇన్ని కోపాల మధ్య కూడా ఒకరినొకరు ఎలా వదలకుండా ఉంటారు అన్నది టీవీ వినోదంలో దాపరికం లేకుండా చెప్పినవి ఇవే. జనం అందులో తమ ఇంటిని గుర్తుపట్టారు. గుర్తుపట్టినవాడిని అభిరుచి లేనివాడని తిట్టడం విమర్శ అనిపించుకోదు.

ముందుగా అందరికంటే ఎక్కువ తిట్లు తిన్న 'మ్యారీడ్ విత్ చిల్డ్రన్' సంగతి చూద్దాం. 1987 ఏప్రిల్ 5న, అప్పుడే పుట్టిన ఫాక్స్ నెట్‌వర్క్ దాన్ని మొదలుపెట్టింది. ఆ రోజుల్లో అమెరికా టీవీని ఏలుతున్నది 'ద కాస్బీ షో'. అందులో తండ్రి డాక్టరు, తల్లి లాయరు, న్యూయార్కులో సొంత ఇల్లు. పిల్లల తగవు ఏదైనా అరగంట తిరిగేసరికి నవ్వుల్లో తీరిపోతుంది. దానికి పూర్తిగా ఎదురు నిలిచే ఇంటిని చూపించాలని మైకేల్ మోయ్, రాన్ లీవిట్ అనే రచయితలు పూనుకున్నారు. తయారీలో ఉన్నన్నాళ్లూ వాళ్లు దానికి పెట్టుకున్న పేరు 'నాట్ ద కాస్బీస్'. అందులో ఇంటి పెద్ద ఆల్ బండీ షికాగోలో ఒక మాల్‌లో, ఆడవాళ్ల చెప్పుల షాపులో సేల్స్‌మన్. హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఉండగా ఒకే మ్యాచ్‌లో నాలుగు టచ్‌డౌన్‌లు చేశాడు. బతుకు మొత్తంలో అతను గొప్పగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఆ సీరియల్లో పేర్లు పడేటప్పుడు వచ్చే దృశ్యం ఒకటుంది. ఆల్ సోఫాలో కూలబడి ఉంటాడు. చేతిలో నాలుగు నోట్లు. పిల్లలు వచ్చి వాళ్ల వాటా పట్టుకుపోతారు. భార్య వచ్చి తన వాటా లాక్కుంటుంది. ఆఖరికి కుక్కకు కూడా ఒక నోటు ముడుతుంది. వెనక ఫ్రాంక్ సినాట్రా గొంతులో ప్రేమ గురించీ పెళ్లి గురించీ హాయైన పాట వినిపిస్తూ ఉంటుంది. ఇందులో ఒక్క బూతు మాట లేదు. జీతం చేతికొచ్చిన రోజే చెయ్యి ఖాళీ అయ్యే మనిషికి ఈ దృశ్యాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పైకి కనిపించే వెకిలితనం కింద ఉన్న అసలు సరుకు ఇదే. పదకొండు సీజన్ల పాటు, 1997 వరకూ, ఆ సీరియల్ నిలబడింది ఈ సరుకు మీదే.

1989లో డెట్రాయిట్ పక్కనున్న బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్ నుంచి టెర్రీ రకోల్టా అనే గృహిణి దీని మీద పోరు మొదలుపెట్టారు. ఆడవాళ్ల లోదుస్తుల షాపు చుట్టూ నడిచిన ఒక ఎపిసోడ్ తన పిల్లలు చూడదగ్గదిగా లేదని ఆమె ఫిర్యాదు. ఆమె ప్రకటనకర్తలకు ఉత్తరాలు రాశారు. కొన్ని కంపెనీలు ప్రకటనలు వెనక్కి తీసుకున్నాయి. పత్రికలు మొదటి పేజీకెక్కించాయి. అప్పటికే తీసిన ఇంకో ఎపిసోడ్‌ను నెట్‌వర్క్ అటకెక్కించింది, 2002 దాకా అమెరికా ప్రేక్షకులకు అది కనబడనే లేదు. పిల్లలు ఏం చూడాలో నిర్ణయించుకునే హక్కు ఏ తల్లికైనా ఉంటుంది. ఆ హక్కుతో నాకు పేచీ లేదు. అయితే అక్కడ జరిగింది అంతమాత్రమే కాదు. దేశంలోకెల్లా సంపన్నులుండే ఊళ్లలో ఒకటి బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్. అలాంటి ఊరి కొలబద్దతో చెప్పులమ్ముకునే మనిషి ఇంటి మర్యాదను కొలిచారు. ఫలితం మనకు తెలుసు. గొడవ తర్వాత ఆ సీరియల్ చూసేవాళ్లు తగ్గలేదు, పెరిగారు. జనం బూతు కోసం ఎగబడ్డారని దీన్ని కొట్టిపారేయడం తేలిక. అలా అయితే వచ్చినవాళ్లు ఆ ఒక్క వారం చూసి పోవాలి. ఇంకో ఎనిమిదేళ్లు ఉండిపోయారంటే బూతు మించినదేదో వాళ్లకు అక్కడ దొరికింది.

ఇదే కొలబద్దను దేశాధ్యక్షుడు కూడా పట్టుకున్నాడు. అమెరికా కుటుంబాలు సింప్సన్ల కంటే వాల్టన్లలా ఉండాలని సీనియర్ జార్జ్ బుష్ 1992 జనవరిలో ఒక సభలో అన్నాడు. 'ద వాల్టన్స్' 1930ల నాటి మహామాంద్యంలో వర్జీనియా కొండల్లో బతికిన ఓ పేద కుటుంబం కథ. కష్టంలో కూడా వినయంగా, భక్తిగా, నెమ్మదిగా మాట్లాడుకునే కుటుంబం. రోజుల వ్యవధిలోనే 'ద సింప్సన్స్' కార్టూన్ సీరియల్ బృందం ఆ ఇంటి కొడుకు బార్ట్ నోట జవాబు చెప్పించింది. మేమూ వాల్టన్ల లాంటివాళ్లమే, మాంద్యం ఎప్పుడు పోతుందా అని మేమూ దేవుణ్ణి మొక్కుతున్నాం అన్నది ఆ జవాబు సారాంశం. అప్పటికి అమెరికాలో నిరుద్యోగం పెరుగుతోంది. అధ్యక్షుడి మాటలోని తప్పు ఆ కుర్రవాడి ఒక్క మాటలో బయటపడింది. పేదవాళ్లు పేదరికంలో ఉండటం బుష్‌కు ఇబ్బంది అనిపించలేదు, మర్యాద తప్పి ఉండటమే ఇబ్బంది అనిపించింది. నెమ్మదిగా బాధపడే పేదవాడికి కుటుంబ విలువలున్నట్టు, గట్టిగా అరిచే పేదవాడికి లేనట్టు. సంస్కారం పేరిట జరిగే ఈ దాడి వెనక ప్రతిసారీ ఉండే కోరిక ఒకటే: మీ కష్టం మా చెవిన పడకుండా పడండి.

ఇక రెండో పక్షం. వీళ్ల వాదన మొదటివాళ్ల వాదన కంటే బరువైనది, దాన్ని గౌరవంగానే ఎదుర్కోవాలి. అమెరికన్ కామెడీ సీరియళ్లను దశాబ్దాల వారీగా పరిశీలించిన రిచర్డ్ బుచ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక వరస పట్టుకున్నాడు. 'ద హనీమూనర్స్'లో బస్సు డ్రైవరు రాల్ఫ్ క్రామ్‌డెన్ మొదలు 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ'లో ఆర్చీ బంకర్ మీదుగా హోమర్ సింప్సన్ దాకా శ్రామిక కుటుంబంలో మగవాడంటే తెలివితక్కువవాడు, నోటి దురుసువాడు, ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యనివాడు. డాక్టరు, లాయరు, ప్రొఫెసరు ఉండే మధ్యతరగతి ఇళ్లలో మాత్రం తండ్రి వివేకవంతుడు. పని చేసే వర్గం తన స్థితికి తానే కారణమన్న భావన ఈ వరస వల్ల బలపడుతుందని ఆయన అభియోగం.

వరస నిజమే, కాదనను. కానీ ఒక పాత్రను మొరటువాడిగా రాసినంత మాత్రాన ఆ వర్గాన్ని అవమానించినట్టు కాదు. ఆ మొరటుతనానికి కారణం కథలో ఉందా లేదా అన్నది చూడాలి. కారణం లేకపోతే అది వెక్కిరింత. కారణం ఉంటే అది సాక్ష్యం. ఈ తేడా చూడకుండా అన్నిటినీ ఒక గాటన కట్టేయడమే ఈ పక్షం చేసిన పొరపాటు.

'రోజాన్' దగ్గర ఆగి చూడండి. 1988 అక్టోబరులో ఏబీసీలో మొదలైంది, మరుసటి సీజన్‌కే దేశంలో అగ్రస్థానానికి చేరింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో లాన్‌ఫర్డ్ అనే కల్పిత పట్టణం. రోజాన్ ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, భర్త డాన్ ఇళ్లకు గోడలు బిగించే కాంట్రాక్టు పనులు చేస్తాడు. పని ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మొదటి సీజన్ చివర ఫ్యాక్టరీకి కొత్త సూపర్‌వైజరు వస్తాడు, రోజుకింత చెయ్యాలన్న లెక్క పెంచేస్తాడు. తోటివాళ్ల కోసం రోజాన్ తన నోరు కట్టేసుకుని అతనితో ఒక ఒప్పందానికి వస్తుంది. వాడు ఆమెను అణగదొక్కుతూనే ఉంటాడు, ఇచ్చిన మాట నిలుపుకోడు. చివరికి ఆడవాళ్లంతా పని మానేసి బయటికి నడుస్తారు. విజయగీతం ఏదీ వినిపించదు. తర్వాతి సీజన్లలో ఆమె ఫోన్లో సరుకులమ్మింది, బ్యూటీ పార్లర్లో జుట్టు ఊడ్చింది, చిరుతిళ్ల హోటల్లో వడ్డించింది. ఆత్మగౌరవానికి కట్టాల్సిన ధర ఎంతో ఆ సీరియల్ దాచలేదు.

అంతకంటే గట్టి సాక్ష్యం డాన్ మోటారుసైకిళ్ల షాపు కథ. కూలి పని నుంచి బయటపడాలని ఉన్నదంతా పెట్టి షాపు తెరుస్తాడు. బేరాలుండవు. షాపు మూతపడుతుంది. పెద్ద కూతురు బెక్కీని కాలేజీకి పంపడానికి డబ్బు ఉండదు. ఇంటికి కరెంటు తీసేస్తారు. షాపులో పనిచేస్తున్న కుర్రాడు మార్క్, బెక్కీ ప్రేమించినవాడు, పని పోయి మినియాపొలిస్‌లో దొరికిన ఉద్యోగానికి బయల్దేరుతాడు. చదువు మీద ఆశ పోయిన బెక్కీ అతనితో లేచిపోయి పెళ్లి చేసుకుంటుంది. డాన్ కూతురితో మాట్లాడటం మానేస్తాడు. మధ్యలోంచి చూసినవాడికి కనిపించేది మాట వినని కూతురు, మొండి తండ్రి, అరుపుల ఇల్లు. మొదటినుంచి చూసినవాడికి మాత్రం వరస తెలుస్తుంది. అప్పు, షాపు, చదువు, కరెంటు, ఆ తర్వాతే అరుపులు. కుటుంబాలు విలువలు లేక చెడిపోతాయన్న ఉపన్యాసాలకు ఇంతకంటే మంచి ఖండన నాకు తెలియదు. ఇది చూసి జనం తమకంటే దిగజారినవాళ్లను చూసి నవ్వారని ఎవరైనా అంటే, వాళ్లు సీరియల్ అయినా చూడలేదు, జనాన్నయినా చూడలేదు.

ఇంగ్లండు విషయానికొస్తే 'ద రాయిల్ ఫ్యామిలీ' ఇంకా ముందుకెళ్లింది. 1998లో కెరొలైన్ అహెర్న్, క్రెయిగ్ క్యాష్ తదితరులు బీబీసీకి రాశారు. మాంచెస్టర్‌లో ఒక ఇంటి ముందుగది, అందులో టీవీ, టీవీ ముందు కుటుంబం. కథ దాదాపు ఆ ఇల్లు దాటదు. ప్రేక్షకుల నవ్వుల చప్పుడు కలపలేదు, ఎక్కడ నవ్వాలో చెప్పేవాళ్లు లేరు. తండ్రి జిమ్ కుర్చీలోంచి లేవడు, నోరు తెరిస్తే పిర్రల ప్రస్తావన లేకుండా మాట పూర్తికాదు. మొదటి ఎపిసోడ్ పేరే బిల్లుల మీద పెట్టారు. ఫోన్ బిల్లు చేతపట్టుకుని ఎవరు ఎవరికి ఎంతసేపు చేశారో జిమ్ నిలదీస్తాడు. పీనాసి, బద్ధకస్తుడు అని చూసేవాళ్లు అనుకుంటారు. సరే. 1999 క్రిస్మస్ ఎపిసోడ్‌లో అదే జిమ్‌ను చూడండి. నిండు గర్భిణి అయిన కూతురు డెనీస్‌కు పండగరోజున ఉమ్మనీరు పోతుంది. భయంతో బాత్‌రూమ్‌లో నేల మీద కూర్చుండిపోతుంది. ఆమె దగ్గరికి వెళ్లి ఆ నేల మీదే పక్కన కూర్చునేది తండ్రి. దగ్గరికి తీసుకుని, తనకు చేతనైన మాటల్లో ధైర్యం చెబుతాడు. ఆ మాటలు పండితుల మాటలు కావు. కూతురి భయం మాత్రం ఆ మాటలకే తగ్గుతుంది. తిట్టే నోటికీ ఓదార్చే నోటికీ తేడా లేదని, అది ఒకే నోరని తెలిసినవాళ్లే ఆ దృశ్యాన్ని రాయగలరు. ప్రేమను శుభ్రమైన భాషలో ప్రకటించడం తీరిక ఉన్నవాళ్లు నేర్చుకున్న అలవాటు. ఆ అలవాటు లేనివాళ్లకు ప్రేమ లేదనుకోవడం అహంకారం.

జిమ్ పాత్ర వేసిన రికీ టామ్లిన్‌సన్ ఒకప్పుడు గోడలకు ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రీ. 1972 భవన కార్మికుల సమ్మెలో పాల్గొన్నందుకు 1973లో జైలుశిక్ష పడింది. ఆ తీర్పు అన్యాయమైనదని 2021లో అప్పీలు కోర్టు కొట్టేసేదాకా ఆయన పోరాడుతూనే ఉన్నాడు. శ్రామికుల్ని అవమానించే పాత్ర అని మేధావులు అనుమానించిన ఆ కుర్చీలో కూర్చున్నది వర్గపోరాటంలో జైలుకెళ్లిన మనిషి. తనవాళ్లను అవమానించే పని ఏదో, తనవాళ్లను చూపించే పని ఏదో ఆయనకు తెలియదని ఏ ముఖంతో అంటాం?

'షేమ్‌లెస్' రాసిన పాల్ అబాట్‌దీ ఇదే సంగతి. 2004లో చానల్ 4లో మొదలైన ఆ కథలో తండ్రి ఫ్రాంక్ గాలహర్ తాగి ఎక్కడో పడి ఉంటాడు, తల్లి ఇల్లు వదిలిపోయింది, పెద్ద కూతురు ఫియోనా తమ్ముళ్లనూ చెల్లినీ సాకుతుంది. బర్న్‌లీలో అబాట్ బాల్యం అదే. తల్లి వెళ్లిపోయింది, తర్వాత తండ్రీ వెళ్లిపోయాడు, ఇంకా పెళ్లీడు కూడా రాని అక్క పెంచింది. 2011లో వచ్చిన అమెరికన్ రూపంలో కథ షికాగో సౌత్ సైడ్‌కు మారింది. దాని తొలి ఎపిసోడ్‌లో, పొద్దున్నే గోలగా ఉన్న వంటింట్లో కరెంటు బిల్లు కోసం ఒక పెట్టె చేతులు మారుతుంది. బడికెళ్లే పిల్లలు కూడా తమ వంతు డబ్బు అందులో వేస్తారు. ఈ పిల్లలు బూతులు మాట్లాడతారు, చిల్లర దొంగతనాలు చేస్తారు, అబద్ధాలాడతారు. ఇల్లు మాత్రం నిలబెడతారు. 'గాడి తప్పిన కుటుంబం' అన్న ముద్ర వెయ్యడానికి ముందు, ఆ పెట్టెలో చిల్లర వేసే పిల్లల్లాంటి బాధ్యత మర్యాదస్తుల ఇళ్లలో ఎంతమందికి ఉందో ఆలోచించాలి.

ఈ సీరియళ్లన్నీ మచ్చలేనివని నేను అనను. బండీ ఇంట్లో భార్య మీదా, లావుపాటి ఆడవాళ్ల మీదా పేల్చిన జోకులు చాలావరకు నీచమైనవి. వాటికి పేదరికం కారణమని చెప్పి తప్పించుకోలేం. 1971లో మొదలైన 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ'లో ఆర్చీ బంకర్ జాతి దురభిమానాన్ని ఎండగట్టాలని దాని నిర్మాత నార్మన్ లియర్ తలపెట్టాడు. కానీ 1974లో నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ ప్రచురించిన అధ్యయనంలో దురభిమానం ఉన్న ప్రేక్షకులు ఆర్చీనే మెచ్చుకుంటున్నారని తేలింది. నవ్వు మనం గురిపెట్టిన చోటే తగులుతుందన్న హామీ లేదు. బ్రిటిష్ స్కిట్ల కార్యక్రమం 'లిటిల్ బ్రిటన్'లో విక్కీ పొలార్డ్ లాంటి పాత్రలైతే నాకు నిజంగానే అసహ్యం. ట్రాక్‌సూటు వేసుకున్న పేద పిల్ల, గుక్క తిప్పుకోని వాగుడు. ఆమెకు ఇల్లు లేదు, బిల్లు లేదు, భయం లేదు, ఉన్నదల్లా వేషం. శ్రామికుల్ని వెక్కిరించి డబ్బు చేసుకుంటున్నారన్న అభియోగం అక్కడ అక్షరాలా చెల్లుతుంది. అక్కడ చెల్లే అభియోగాన్ని తెచ్చి రోజాన్ ఇంటి మీదా, జిమ్ ఇంటి మీదా మోపితేనే నా అభ్యంతరం.

తెలుగు పాఠకులకు ఈ తగవు కొత్తది కాకూడదు. రావిశాస్త్రి విశాఖ కోర్టుల చుట్టూ తిరిగే సారా మనుషుల్ని వాళ్ల నోటితోనే మాట్లాడించినప్పుడు, నామిని చిత్తూరు జిల్లా పల్లె ఇంట్లోని తిట్లను తిట్లుగానే అచ్చువేసినప్పుడు, మనం వాటిని సాహిత్యంగా నెత్తిన పెట్టుకున్నాం. ఆ తిట్ల వెనక అప్పు ఉందని, ఆకలి ఉందని, ప్రేమ ఉందని మనకు తెలిసింది. పుస్తకంలో గుర్తుపట్టినదాన్ని టీవీలో ఎందుకు గుర్తుపట్టం? మన చానళ్ల డైలీ సీరియళ్లలో ఎన్ని ఇళ్లలో నెలాఖరు వస్తుంది? మేడలు, పట్టుచీరలు, విషప్రయోగాలు ఉంటాయి. అద్దె, చిట్టీ వాయిదా, గ్యాస్ బండ ఖరీదు ఉండవు. స్కిట్ల కార్యక్రమాల్లో మోటు జోకులకు కొదవలేదు, కానీ అక్కడ పెళ్లాన్ని, రంగును, శరీరాన్ని ఎగతాళి చేస్తారే తప్ప ఆ ఇంట్లో రేపటి బియ్యం సంగతి ఎవరూ ఎత్తరు. మోటుదనం ఒక్కటే చాలదని, దాని కింద బతుకు ఉండాలని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కాబట్టి ఒక సీరియల్ మంచిదా చెడ్డదా అని తేల్చేటప్పుడు ఎన్ని తిట్లున్నాయో లెక్కపెట్టడం మానేద్దాం. మూడు ప్రశ్నలు వేద్దాం. ఈ ఇంటికి డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది? ఈ మనుషుల కోపానికి కారణం కథలో ఉందా? ఆపద వచ్చిననాడు వీళ్లు ఒకరి పక్కన ఒకరు కూర్చుంటారా? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన సీరియల్ ఎంత మోటుగా మాట్లాడినా గౌరవించదగ్గదే. చెప్పలేనిది ఎంత శుభ్రంగా మాట్లాడినా అబద్ధమే. కోట్లమంది కష్టజీవులు ఈ ప్రశ్నల్ని ఎవరూ నేర్పకుండానే వేసుకున్నారు, జవాబు దొరికిన చోట కూర్చుని మనసారా నవ్వారు. వాళ్ల అభిరుచిని సంస్కరించాలని బయల్దేరినవాళ్లు ముందు వాళ్ల జీతాల సంగతి మాట్లాడాలి. అది మాట్లాడనివాళ్లకు వాళ్ల నవ్వు మీద తీర్పు చెప్పే అర్హత లేదు.